పాత రాజు పేరిట రాయించిన పత్రం

మెంఫిసు కోటలో కాపలా కొలువులో ఉన్న నా కొడుకు గెమర్యాకి, యేబు కోటలో ఉన్న మీ అమ్మ సల్లూవా దీవించి రాయిస్తున్నది. యాహూ దేవుడు నీకు వేళకు తిండి, ఒంటికి బలం ఇచ్చి చల్లగా చూడాలి. ఇక్కడ మేమందరం క్షేమం అని ఇది రాస్తున్న నత్తూను నన్నడక్కుండానే రాసేశాడు. ఉత్తరమన్నాక అలాగే మొదలుపెట్టాలట, లేకపోతే చదివేవాడి గుండె గుభేలుమంటుందట. సరే, ఉండనీ. క్షేమమంటే ఇంకా ఊపిరి ఆడుతోందని అనుకో. అంతకు మించి ఆ మాటలో ఏమీ లేదు.

మన వీధి చివరి లేఖరి నత్తూనుకి చెయ్యి ఇంకా వణకడం లేదు గానీ, పిరికితనం మాత్రం ముదిరింది. ప్రతి మాటకీ "ఇది కూడా రాయాలా సల్లూవమ్మా?" అంటున్నాడు. నేను చెప్పింది చెప్పినట్టు రాస్తానని యాహూ మీద ప్రమాణం చేయించుకున్నాకే చాప మీద కూర్చోబెట్టాను. కాబట్టి ఇందులో మాట కటువుగా ఉంటే అది నాదే, ఆయనది కాదు.

నీ ఉత్తరం అందింది. ఆ చెప్పుల బేరగాడు నెల్లాళ్ళు దాన్ని తన సంచిలోనే మోసుకు తిరిగాడు, సగం చోట్ల ఆముదం మరకలు. ఆ మరకల మధ్య నువ్వు రాసింది చదివించుకుని మూడు రోజులు నీ మీద కోపంతో రొట్టె ముట్టలేదు. ఏమని రాశావు? "అమ్మా, మా దళమంతా సయీసు రాజు పక్షాన చేరిపోయింది, బార్లీ ముందు వచ్చినంతే వస్తోంది, కల్లు కూడా అంతే, నువ్వేం బెంగపెట్టుకోకు" అన్నావు. బెంగ ఎవడికిరా? సిగ్గేసింది నాకు. పారశీక రాజు తరఫున, తిరగబడ్డ ఆ సయీసు వాణ్ణి అణచమని మిమ్మల్ని పంపితే, ఒక్క బాణమైనా వెయ్యకుండా వాడి బార్లీకే గిన్నె చాపారన్నమాట.

పారశీక రాజు మంచివాడని నేననను. ఆయన మొహం నేనెరగను, నా మొహం ఆయనెరగడు. కానీ మీ ముత్తాత రోజుల నుంచీ ఆ రాజుల తిండి తిని మనవాళ్ళు ఈ ఏటి మధ్య లంకను కాశారు. వాళ్ళు ఏనాడూ మన పెళ్ళిళ్ళలో వేలు పెట్టలేదు, మన దేవుడికి ఏ వేళ ఏం పెడుతున్నామని తొంగి చూడలేదు. రాజంటే నాకు అంతే కావాలి, దూరంగా ఉండాలి. ఈ కొత్తవాడు ఈ నేల మీదే పుట్టిన పక్కింటివాడు. పక్కింటివాడు రాజైతే ఎలా ఉంటుందో అక్కడ మీకు తెలియడం లేదు గానీ, ఇక్కడ మాకు పూటకోసారి తెలుస్తోంది.

బావి దగ్గర సంగతే చెబుతాను. మొన్న పొద్దున కుండ పట్టుకుని వెళితే, పొట్టేలు దేవుడి గుడి తోటవాళ్ళ ఆడవాళ్ళు ముగ్గురు గట్టు మీద అడ్డంగా కూర్చున్నారు. నా పురిటికి నీళ్ళు కాచిన ముసలిది కూడా అందులో ఉంది. "పారశీకుల కుక్కలు నీళ్ళకొచ్చాయర్రా, జరగండి, కరుస్తాయి" అంది ఒకతె. "కుక్కలం కాబట్టే ఇన్నేళ్ళూ మీ కొంపల్లోకి దొంగలు రాలేదే" అన్నాను. "ఇప్పుడు మా రాజే వచ్చాడుగా, ఇక కుక్కలెందుకు?" అంది. నీళ్ళు తోడుకుని వచ్చేశాను, సగం కుండే నిండింది.

వచ్చే పస్కా పండక్కి గొర్రెపిల్ల దొరుకుతుందా అని అడిగావు. గొర్రెపిల్లా? ఒరే, మనకి పస్కా, వాళ్ళకి దేవుడు. పొట్టేలు తల పెట్టుకున్న దేవుణ్ణి కొలిచేవాళ్ళ గోడ పక్కనే మనం గొర్రెని కోస్తే వాళ్ళ కడుపు మండదా అని పారశీకుల రోజుల్లోనే పెద్దవాళ్ళు గొణిగేవారు. ఆ మంటే కదా పదేళ్ళ కిందట మన యాహూ గుడిని బూడిద చేసింది. దేవదారు దూలాలు కూలుతుంటే లోపలి గిన్నెలు తీసుకొస్తానని వెళ్ళిన మీ నాన్న కాలిన చేతులతో పద్దెనిమిది రోజులు బతికాడు. మళ్ళీ కట్టుకున్న గుళ్ళో ఇప్పుడు ధూపం, పిండి తప్ప ఏమీ లేదు. ఇక ఈ రాజు ఏలుబడిలో గొర్రెపిల్ల మాట ఎత్తితే ఆ కత్తి మన మెడ మీదికే వస్తుంది. పులియని రొట్టె తిని ఊరుకుందాం.

ఉన్ని అంగీ అడిగావు. నేసి పెట్టాను, ఈ ఉత్తరంతోనే పంపుతున్నాను. భుజం దగ్గర ఇరుకైతే అక్కడ ఎవరిచేతనైనా విప్పించుకో. తిని కూర్చుని లావెక్కి ఉంటావు, యుద్ధం చెయ్యలేదు కదా.

ఇక నువ్వు మూడు చోట్ల మూడు రకాలుగా అడిగిన మాట. "తబా పత్రం అయిందా? పెదనాన్న ఒప్పుకున్నాడా? బిడ్డ పుట్టేలోపు అవుతుందా?" అవుతుందా అని నన్నడిగేముందు, మీ పెదనాన్న ఇంటి బానిస పిల్లతో ఆ పని పెట్టుకునేముందు అడగాల్సింది. నువ్వు పస్కా వెళ్ళగానే పడవెక్కావు. ఆ పిల్ల కడుపు నేను చూశాను. తల్లి బానిసైతే బిడ్డ కూడా ఆ ఇంటి సొత్తే అని మన లంకలో పసిపిల్లలకి కూడా తెలుసు. నీ కొడుకో కూతురో వేరొకడి గుమ్మంలో చాకిరీ చేస్తూ పెరగకూడదంటే, అది పురుడు పోసుకునేలోగా దానికి విడుదల కావాలి. నీ బాధ నాకు అర్థం కాలేదనుకోకు. నువ్వు పడవెక్కేముందు చెప్పినప్పుడే అర్థమైంది, అందుకే ఈ ఉత్తరం రాకముందే వెళ్ళాను.

ఏలూలు నెల పదకొండో తేదీన బావగారి మంచం పక్కన కూర్చున్నాను. అప్పటికి ఆయనకి ఆయాసం బాగా ముదిరింది, కొడుకు పెలత్యా అవతలి గట్టున సెవేనేలో ఎవరి వెనకో తిరుగుతున్నాడు, తండ్రి మొహం చూసి నెల అయింది. దగ్గు వస్తే గిన్నె పట్టేది తబాయే, రొట్టె నానబెట్టి తినిపించేదీ అదే. "బావగారూ, ఈ పిల్లని విడిచిపెట్టండి, పుణ్యముంటుంది" అన్నాను. ఆయన కళ్ళు మూసుకునే, "నేనూ అదే అనుకుంటున్నానమ్మా, రాయించు" అన్నాడు. నత్తూనుని పిలిపించాను. "షెలోమాం అనే నేను, కుడిచేతి మీద నా పేరు గుర్తు ఉన్న తబాని, దాని కడుపున పుట్టేవాళ్ళని, నీడలోంచి ఎండలోకి విడిచిపెట్టాను. నా కొడుకు గానీ, నా వాళ్ళెవరు గానీ దీని మీద చెయ్యి వెయ్యడానికి లేదు" అని మన ఆనవాయితీ ప్రకారం రాశాడు. తర్వాత నలుగురు సాక్షులు వచ్చి పేర్లు వేశారు. పైన "అర్తహషస్త రాజు ఏలుబడి నాలుగో ఏడు" అని పారశీక రాజు లెక్కే ఉంది. రాజు మారాడని అప్పటికి మాకేం తెలుసు? పది రోజులకి బావగారు పోయారు.

ఇదంతా వింటే నీకు గుండె నిబ్బరంగా ఉంటుంది. ఉండనివ్వను, చదువు.

మరుసటి నెలలో కొత్త రాజు అధికారి పడవ దిగాడు. దిగిన మూడో రోజు దండోరా వేయించాడు. కొత్త రాజు పేరు చెవిన పడ్డాక కూడా పాత రాజు ఏడు వేసి రాయించిన పత్రం ఏదీ చెల్లదు, రాయించినవాడు రాజద్రోహి. చెవిన పడక ముందు అమాయకంగా రాయించినదైతే చెల్లుతుంది. సెవేనేలో కొత్త రాజు పేరు చాటింది ఏలూలు పదో తేదీన. ఏరు దాటి మన కోటలో చాటింది పదమూడున. మన పత్రం పదకొండున. అర్థమైందా? సరిగ్గా ఆ రెండు దండోరాల సందులో పడింది ఆ పిల్ల బతుకు.

ఈ సందు నాకంటే ముందు పెలత్యా కనిపెట్టాడు. మీ పెదనాన్న కొడుకు ఇప్పుడు పెలత్యా కాదులే, పొట్టేలు దేవుడి పేరు కలిపి పాఖ్నూము అని పిలవాలట. తల నున్నగా గొరిగించుకున్నాడు, తెల్లటి నార బట్ట కట్టాడు, కళ్ళకి కాటుక. ఏ ఎండకా గొడుగు పట్టేవాళ్ళని చూశాను గానీ, ఎండ రాకముందే గొడుగు విప్పినవాణ్ణి వీణ్ణే చూశాను. మధ్యాహ్నం వేళ ఇద్దరు భటులతో మా గుమ్మంలోకి వచ్చాడు. బావగారు పోయాక తబాని నేనే మనింటికి తెచ్చుకున్నాను, అప్పుడది పెరట్లో కాయధాన్యం చెరుగుతోంది.

"పిన్నీ, దాన్ని పంపించు" అన్నాడు.

"ఎక్కడికిరా?"

"ఎక్కడికేమిటి, నా ఇంటికి. మా నాన్న మంచం నాది, మా నాన్న కుండలు నావి, మా నాన్న బానిస నాది."

"ఆ మంచం మీద నువ్వు ఒక్క పూటైనా కూర్చున్నావురా? మీ నాన్నకి నీళ్ళు ఎవరు తాగించారో వెళ్ళి ఆ కుండల్నే అడుగు. పత్రం ఉంది, నలుగురు సాక్షులున్నారు. బయటికి నడు."

వాడు నవ్వాడు. "ఏ రాజు పత్రం పిన్నీ? ఆ రాజుని పిలువు, వచ్చి సాక్ష్యం చెప్పమను."

"పేరు మార్చుకుంటే మార్చుకున్నావు, మీ నాన్న ముక్కు మొహాన అలాగే ఉందిరా, దాన్నెక్కడ గొరిగిస్తావు?" అన్నాను. భటులు కూడా నవ్వారు. దాంతో వాడికి తిక్క రేగింది. తిన్నగా పెరట్లోకి వెళ్ళి తబా కుడిచెయ్యి పట్టి పైకి లేపాడు. మణికట్టు పైన బావగారి పేరు పచ్చబొట్టు ఉంది కదా, దాని మీద బొటనవేలితో రుద్ది చూపించాడు. "ఇది మాత్రం ఏ రాజొచ్చినా చెరగదు" అన్నాడు. వచ్చే పండక్కి దాన్ని పొట్టేలు దేవుడి గుడికి, నేత పాకలోకి, కానుకగా ఇస్తున్నాడట. కొత్త దేవుడి దగ్గర మంచి పేరు తెచ్చుకోవాలి కదా. "కడుపులోది కూడా దేవుడిదే" అన్నాడు. ఒరే గెమర్యా, వాడు నీకు అన్న వరస. నీ బిడ్డని వాడు ఆ గుడికి ఇవ్వడానికి సిద్ధపడ్డాడు.

నేను వాడి మీదికి చేట విసిరాను. తగిలింది కూడా. ఏం లాభం? రాజు తలుచుకుంటే దెబ్బలకు కొదవా అన్నట్టు ఇద్దరు భటులు చెరో రెక్కా పట్టి దాన్ని తీసుకుపోయారు. ఎనిమిదో నెల కడుపుతో నడవలేక నడిచింది. వెళ్తూ నా వంక ఒక్కసారి చూసింది. ఏడవలేదు, ఏమీ అడగలేదు. ఆ చూపు ఏమిటో నాకు అప్పుడు అర్థం కాలేదు, తర్వాత అయింది.

నాలుగు రోజులు అధికారి గుమ్మం ముందు ఎండలో కూర్చున్నాను. మన పెద్దలు ఒక్కరూ వెంట రాలేదు. "బానిస పిల్ల కోసం ఇప్పుడు తలెత్తితే అందరి తలలూ పోతాయి సల్లూవా" అన్నారు. ఐదో రోజు పిలిచారు. అధికారి బాతు మాంసం తింటున్నాడు, మూతి తుడుచుకోకుండానే పత్రం చదివించుకున్నాడు. చెడ్డవాడిలా లేడు, విసుగెత్తినవాడిలా ఉన్నాడు. ముందు నత్తూనుని అడిగాడు, ఆ రోజుకి రాజు మారాడని నీకు తెలుసా అని.

"అయ్యా, నేను లేఖరిని. చెప్పింది రాస్తాను. పనిలో ఉన్నప్పుడు చెవులు మడిచి పెట్టుకుంటాను" అన్నాడు నత్తూను. ఇప్పుడు ఇది రాస్తూ తల దించుకున్నాడు. నేను నిన్నేం అనడం లేదయ్యా, రాయి.

అధికారి నా వైపు తిరిగాడు. "ముసలమ్మా, రాయించింది నువ్వేనట. పదకొండో తేదీ నాటికి మా రాజు పేరు నీ చెవిన పడిందా లేదా? పడలేదంటే పిల్ల నీతో వస్తుంది. పడిందంటే పిల్ల వీడితో వెళ్తుంది, నువ్వు నాతో వస్తావు."

"పడలేదు. మా యాహూ మీద ఒట్టు" అన్నాను.

"మీ దేవుడెవరో నాకు తెలియదు, ఆయన మీద ఒట్టు నాకెందుకు? రేపు పొద్దున మా దేవుడి గుమ్మంలో చెయ్యి పెట్టి చెప్పు" అన్నాడు. పెలత్యా పళ్ళికిలించాడు. "అది మా పిన్ని వల్ల కాదు దొరా. ఆ గుమ్మం చూస్తే ఉమ్మేసి పోతుంది" అన్నాడు. వాడు నన్ను బాగా ఎరుగును. మీ నాన్న పోయాక ఈ పదేళ్ళలో ఆ వీధిన నడవాల్సి వస్తే చుట్టూ తిరిగి వెళ్ళానే గానీ ఆ గోడ నీడ ఒంటి మీద పడనివ్వలేదు.

ఇక్కడ నత్తూను కలం పక్కన పెట్టేశాడు. "సల్లూవమ్మా, ఇక చాలు. ఒట్టు వేశాను, పిల్ల వచ్చింది అని రాసి ముడి వేసేద్దాం. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది" అంటున్నాడు. పడనీ. ఈ ఉత్తరం వేరేవాళ్ళ చేతిలో పడితే మా ఇద్దరికీ ముప్పే, నాకు తెలుసు. అందుకే అంగీ అంచులో పెట్టి కుట్టి పంపుతున్నాను. చదవగానే నీళ్ళతో కడిగి సిరా పోగొట్టు. కలం తియ్యవయ్యా నత్తూనూ. ఆ పిల్లకి మాట ఇచ్చాను.

పైన "మాకేం తెలుసు" అని రాయించాను కదా, అది అబద్ధం. పదకొండో తేదీ పొద్దున సెవేనే నుంచి ఏరు దాటి వచ్చిన నత్తూను, బావగారి గుమ్మంలో చెప్పులు విడుస్తూనే నాకు చెప్పాడు. "నిన్న అవతల కొత్త రాజు పేరు చాటారమ్మా. రేపో ఎల్లుండో ఇక్కడా చాటుతారు. పత్రం మీద కొత్త రాజు మొదటి ఏడు వేస్తాను, నాలుగు కాలాలు నిలుస్తుంది. పాత రాజు ఏడు వేస్తే రేపు చిత్తు కింద పోతుంది" అన్నాడు. ఆ మాటలతోనే అన్నాడు. నేను, "మా ఇంట్లో పత్రం మీద ఆ సయీసు వాడి పేరు పడితే నా చెయ్యి విరిగినట్టే. మా రాజు అర్తహషస్త. అదే వెయ్యి" అన్నాను. బావగారు మగతలో, "ఏదో ఒకటి వెయ్యండర్రా" అన్నాడు. వేశాడు.

నువ్వేమనుకుంటావు? అమ్మకి పంతం ఎక్కువ, పాత రాజు మీద అభిమానం ఎక్కువ, అందుకని అలా చేసిందనుకుంటావు. నత్తూను కూడా ఇన్నాళ్ళూ అదే అనుకున్నాడు, ఇప్పుడే నా మొహం వంక తలెత్తి చూశాడు. రాజు మీద అభిమానం కాదురా. చిత్తు కింద పోతుంది అని ఆయన అన్నప్పుడు నా మనసులో, పోతే పోనీ అనిపించింది. పోవాలనే అనిపించింది. ఒక్కగానొక్క కొడుకువి. మీ నాన్నని కాల్చి చంపినవాళ్ళ జాతి పిల్ల, ఒకరి ఎంగిలి గిన్నెలు కడిగే పిల్ల, నా కోడలై నా పొయ్యి దగ్గర కూర్చుంటుందా? నీ మాట కాదనలేను. కాదంటే నువ్వు మళ్ళీ ఈ గుమ్మం తొక్కవని భయం. అందుకని అడిగింది చేసినట్టూ ఉండాలి, అది నిలవకుండానూ ఉండాలి. రాయించింది నేను, రద్దు చేసేది రాజు. నా చేతికి మట్టి అంటదు. అంత తెలివి ఉపయోగించాను. పెలత్యాని తిట్టాను, కొత్త రాజుని తిట్టాను, నిన్నూ తిట్టాను. వాళ్ళంతా తర్వాత వచ్చినవాళ్ళు. ఆ పిల్లని అమ్మేసింది ముందు నేను.

మరి దాన్ని తీసుకుపోతుంటే సంతోషించాలి కదా? అనుకున్నదే జరిగింది కదా? ఏం చెప్పను. పెలత్యా దాని చెయ్యి పట్టి ఎత్తినప్పుడు దాని ఒళ్ళోంచి కాయధాన్యం నేల మీద పడి నలుమూలలా దొర్లింది. వాళ్ళు వెళ్ళాక నేను ఒక్కదాన్నే కూర్చుని ఏరాను. చీకటి పడేదాకా ఏరాను. ఇంత పని చేసే పిల్ల మనింట్లో ఉన్న నెలన్నరలో ఒక్కసారైనా దాన్ని కూర్చోబెట్టి రొట్టె పెట్టలేదని అప్పుడు గుర్తొచ్చింది. నా మీద నాకే అసహ్యం పుట్టింది.

మర్నాడు పొద్దున ఆ గుమ్మంలోకి వెళ్ళాను. మన గుడికి నిప్పు పెట్టిన రోజు కేకలు వేసిన పూజారి ఒకడు ఇంకా బతికే ఉన్నాడు, ముసలాడైపోయాడు, గుమ్మంలో వాడే నిలబడ్డాడు. "చెయ్యి పెట్టు" అన్నాడు. రాతి పొట్టేలు కాలి మీద చెయ్యి పెట్టాను. "ఖ్నూము ప్రాణం సాక్షిగా, ఆ రోజుకి కొత్త రాజు పేరు నా చెవిన పడలేదు" అన్నాను. మూడుసార్లు అనిపించారు. అది దేవుడే కాదు కదా, రాయి కదా, రాయి మీద అబద్ధపు ఒట్టుకి పాపమేముంది అని దారి పొడుగునా నాకు నేనే చెప్పుకున్నాను. చెప్పుకున్నా సరే, ఇల్లు చేరగానే ఆ చేతిని ఇసుకతో తోముకున్నాను. మన వీధిలో ఆడవాళ్ళు ఇప్పుడు నన్ను చూసి తలుపులు వేసుకుంటున్నారు, పొట్టేలు మీద ప్రమాణం చేసిన మనిషినని. వేసుకోనీ. ఆ బాధ నాకు లేదు.

అధికారి పత్రం మీద తన ముద్ర వేయించాడు. ఇక ఏ పెలత్యా దాన్ని ముట్టుకోలేడు, వాడు ఉమ్మేసి పోయాడు. తబా నా వెనకే ఇంటికి నడిచింది. నీళ్ళు తాగింది. తర్వాత పెరటి గుమ్మంలో నిలబడి అడిగింది.

"అమ్మగారూ, ఒక్క మాట. ఆ రోజు నత్తూనుగారు మీతో అన్నదంతా నేను విన్నా. పెద్దయ్యగారికి నీళ్ళు పడుతూ అక్కడే ఉన్నా. చిత్తు కింద పోతుందని తెలిసి కూడా ఎందుకలా రాయించారు? పాత రాజు మీద అంత ప్రేమా?"

దేవుడి ముందు అబద్ధమాడి వచ్చి ఇంకా ఘడియ కాలేదు. అవునే, పాత రాజు మీద ప్రేమే అంటే సరిపోయేది. అది నమ్మడానికి సిద్ధంగా ఉంది, అదే వినాలని కూడా ఉంది దానికి, నాకు కనబడింది. నా నోరు రాలేదురా. "కాదు. నువ్వు నా కోడలివి కాకూడదని" అన్నాను.

అది నీళ్ళ ముంత కింద పెట్టింది. తర్వాత, "నేనంటే గిట్టదని తెలుసమ్మగారూ. గిట్టకపోతే కొట్టొచ్చు, తిట్టొచ్చు, తలుపు వేసుకోవచ్చు. నా బిడ్డని కూడా కలిపి పారేశారే. అది మీ కొడుకు బిడ్డ" అంది. ఏడుస్తూ అనలేదు. లెక్క తేలిన మనిషిలా అంది.

"తప్పు చేశాను. అందుకే వెళ్ళి ఒట్టు వేసొచ్చాను కదే" అన్నాను.

"వేశారు. ఆ మేలు మర్చిపోను. కానీ మీ పొయ్యి దగ్గర మాత్రం కూర్చోను. నేనిప్పుడు ఎవరి మనిషినీ కాదని రాసుంది కదా, వెళ్తున్నా. ఆయనకి మీరే రాయండి, ఉన్నది ఉన్నట్టు రాయండి. నా నోటితో మీ మీద చాడీ చెప్పించకండి" అంది. రాస్తానని మాట ఇచ్చాను. పత్రం మడిచి రొమ్ము దగ్గర దోపుకుంది, బట్టల మూట చంకన పెట్టుకుంది, రేవుకి నడిచింది. నేను వెనక వెళ్ళాను, మూట పట్టుకుంటానంటే ఇవ్వలేదు. పడవ అవతలి గట్టు చేరేదాకా అక్కడే నిలబడ్డాను.

సెవేనేలో కుమ్మరి వీధిలో, బట్టీ వెనక ఇంట్లో ఉంటోంది, దాని తల్లి తరఫు ముసలామె దగ్గర. నువ్వు సెలవు పెట్టి వస్తే ముందు మన లంకలోకి రాకు. అవతలి రేవులోనే దిగి అక్కడికే వెళ్ళు. నీ కొత్త రాజు బార్లీ ఇస్తే ఇచ్చాడు గానీ, వాణ్ణి సెలవు కూడా అడుగు. నన్ను వెనకేసుకుని ఒక్క మాట కూడా మాట్లాడకు. అది నిన్ను తిడితే పడు, నా వాటా కూడా నువ్వే పడు.

ఆరు రోజుల కిందట అది ప్రసవించిందట. పడవ నడిపేవాడి పెళ్ళాం చెప్పింది, తల్లీ బిడ్డా బాగున్నారట. ఆడపిల్లా మగపిల్లాడా అని అడిగాను. ఆమె మొహం పక్కకి తిప్పుకుని, "నీకు చెప్పొద్దందమ్మా" అంది. మర్నాడు మళ్ళీ అడిగాను. ఈ రోజు కూడా రేవుకి వెళ్ళి అడిగి వచ్చాకే ఈ ఉత్తరం రాయించడానికి కూర్చున్నాను. చెప్పలేదు. నువ్వు చూసొచ్చాక, తబా ఒప్పుకుంటేనే, ఆ ఒక్క ముక్క నాకు రాసి పంపు. ఒప్పుకోకపోతే వద్దు.

ఇట్లు,
ఆ బిడ్డకి ఇంకా నాయనమ్మ కాని
మీ అమ్మ,
సల్లూవా.